పెరట్లో గ్యాస్ భట్టి, సీసాల్లో టమాటా: కొన్నేళ్ళ వాడకం తర్వాత సమీక్ష

మూడు కాళ్ళ ఇనుప స్టాండు మీద పోత ఇనుము బర్నరు బిగించి, హై ప్రెషర్ రెగ్యులేటరుతో నడిచే ఒంటి గ్యాస్ భట్టి గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పెళ్ళిళ్ళలో వంట మేస్త్రీలు వాడే వాటిలో ఇది చిన్న సైజు. మహబూబ్‌నగర్‌లోని మా ఇంటి పెరట్లో దీన్ని కొన్నేళ్ళుగా వాడుతున్నాం. వాడకమంతా దాదాపు ఒకే పనికి: టమాటా గుజ్జు, మామిడి రసం, నిమ్మ షర్బత్ వంటి వాటిని గాజు సీసాల్లో నింపి, మూత బిగించి, నీళ్ళలో మరిగించి, ఫ్రిజ్ అవసరం లేకుండా నెలల తరబడి నిల్వ చేయడానికి.

ఈ పని ఇంట్లో పొయ్యి మీదే ఎందుకు చేయకూడదన్న ప్రశ్న సహజమే. నాలుగైదు సీసాలైతే ఇంటి పొయ్యి మీద నిక్షేపంగా చేసుకోవచ్చు. పెద్ద గంజులో ఇరవై లీటర్ల దాకా నీళ్ళు, అందులో నిండు సీసాలు వరుసగా పేర్చినప్పుడు మాత్రం బరువు ముప్పై కిలోలకు చేరువవుతుంది. ఇంటి పొయ్యి మీది సన్నటి కడ్డీలు అంత బరువును మోయడానికి చేసినవి కావు. దానికి తోడు మామిడి రసం పట్టే రోజులు ఏప్రిల్, మే నెలలు. బయట నలభై డిగ్రీలు దాటిన వేళ వంటింట్లో గంటకు పైగా గంజు మరిగిందంటే, ఆ ఆవిరికి రాత్రి దాకా ఆ గదిలో నిలబడలేం.

పచ్చళ్ళకు పేరుపడ్డ ఇళ్ళలో ఈ సీసాల గోల ఏమిటని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. పచ్చడిని ఉప్పు, నూనె, పులుపు కాపాడతాయి కాబట్టి దానికి ఏ మరిగింపూ అక్కరలేదు. అయితే ఉప్పూ కారమూ లేని టమాటా గుజ్జు కావాలంటే మరో దారి లేదు. ధర పూర్తిగా పడిపోయి రైతులు గంపలకు గంపలు పారబోసుకునే రోజుల్లో కొన్న టమాటా, ధర మండిపోయే వానాకాలంలో కూరలోకి వస్తుందంటే ఆ శ్రమకు ఫలితం ఉన్నట్టే.

భట్టి కొనేవారందరూ మంట ఎంత ఎత్తుకు లేస్తుందో చూస్తారు, అమ్మేవారూ అదే చూపిస్తారు. సీసాల పనికి అది సగం పరీక్ష మాత్రమే. పెద్ద మంట మొదటి అరగంటకే కావాలి. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక, ఆ తెర్లు ఒక్క నిమిషం కూడా తగ్గకుండా, అలాగని నీళ్ళు పొంగి పొర్లకుండా, నలభై నిమిషాల పాటు ఒకే తీరున నిలబెట్టగలిగే చిన్న మంట ఆ తర్వాత కావాలి. మధ్యలో తెర్లు ఆగిపోతే మళ్ళీ నీళ్ళు బాగా మరిగించి, సమయాన్ని మొదటి నుంచి లెక్కపెట్టాలన్నది ఈ పద్ధతిలో మినహాయింపు లేని నియమం. మా వీధిలో వంటలు ఒప్పుకునే పెద్దాయన దీన్ని ఒక్క మాటలో చెప్పారు: "మంట జూసి కొనకు బిడ్డా, మంట తగ్గిచ్చి జూసి కొను."

మా భట్టి ఈ పరీక్షలో మొదట నెగ్గలేదు. దానితో పాటు ఇచ్చిన రెగ్యులేటరు నాబ్‌ను పావు చుట్టు తిప్పేసరికే మంట అడుగు నుంచి కొసకు వెళ్ళేది, మధ్యలో నిలిచే చోటంటూ ఉండేది కాదు. కాస్త తగ్గిస్తే చప్పున ఆరిపోయేది. తయారీదారు పేరు ఇక్కడ అనవసరం. ఇలాంటి చిన్న భట్టీల్లో చాలావాటికి ఇచ్చే రెగ్యులేటర్లు ఇలాగే ఉంటున్నాయి. పొయ్యిలు బాగుచేసే దుకాణంలో ఐఎస్ఐ గుర్తున్న, నాబ్ నెమ్మదిగా తిరిగే రెగ్యులేటరు విడిగా కొని బిగించుకున్నాకే ఈ భట్టి సీసాల పనికి అక్కరకు వచ్చింది. కాబట్టి ధర లెక్క వేసుకునేటప్పుడు రెగ్యులేటరు ఖర్చును కూడా కలుపుకోవడం మంచిది. ఇంటి పొయ్యికి వాడే రెగ్యులేటరు గ్యాస్‌ను సుమారు 30 మిల్లీబార్ల పీడనానికి తగ్గించి ఇస్తుంది. హై ప్రెషర్ భట్టిలో గ్యాస్‌ను చిమ్మే జెట్టు రంధ్రం సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పీడనంతో అది సరిగా మండదు. పైపు కూడా హై ప్రెషర్‌కు తగినదే ఉండాలి.

టమాటా రోజు పని జరిగే తీరు ఇది. కాయలను వేడినీళ్ళలో ముంచి తొక్క తీసి, నలిపి, మరిగించి, వేడి మీదే వేడి సీసాల్లోకి పోస్తాం; పైన అర అంగుళం ఖాళీ వదులుతాం. టమాటా పుల్లనిదేనన్న ధీమా పనికిరాదు. పులుపును కొలిచే దాని పీహెచ్ (ఇది ఎంత తక్కువైతే అంత పులుపు) రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి 4.6కు అటూ ఇటూ ఊగుతుంది. ఆ గీత దాటితే, గాలి చొరని సీసాలో బొటులినమ్ విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగడానికి వీలుంటుంది. అందుకే అర లీటరుకు దగ్గరగా ఉండే పైంటు సీసాకు పావు టీస్పూన్ నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేయాలని అమెరికా వ్యవసాయ శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. అదే పైంటు సీసాకు అవి చెప్పే మరిగింపు సమయం సముద్ర మట్టం దగ్గర 35 నిమిషాలు, 305 మీటర్లు దాటిన చోట 40 నిమిషాలు. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల పైచిలుకుకే మరుగుతాయి కాబట్టి మనకు వర్తించేది 40 నిమిషాల లెక్కే. నాలుగు వందల మీటర్లు దాటిన నల్లగొండకూ అంతే. తీర ప్రాంతపు వంట వీడియోలలో చెప్పే నిమిషాలను ఇక్కడ యథాతథంగా పాటించకూడదు.

గంజు అడుగున మడత పెట్టిన గోనెసంచి గుడ్డ పరిచి, సీసాలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, మూతలపైన ఇంకో అంగుళం ఎత్తు వచ్చేదాకా వేడినీళ్ళు పోస్తాం. గంజు మీద మూత ఉంటే నీళ్ళు త్వరగా మరుగుతాయి, గ్యాస్ మిగులుతుంది. సమయం పూర్తయ్యాక మంట ఆపి, మూత తీసి, ఐదు నిమిషాలు ఆగి, పట్కారుతో ఒక్కో సీసాను నిటారుగా ఎత్తి గుడ్డ మీద పెడతాం. కాసేపటికి ఒక్కో మూత టప్పుమని లోపలికి దిగుతుంది. మర్నాడు మూత మధ్యలో వేలితో నొక్కితే కదలకూడదు. నొక్కగానే కిందికీ పైకీ ఆడితే ఆ సీసా సరిగా మూసుకోనట్టే. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేస్తాం. మరమూత సీసాకు 1858లో అమెరికాలో పేటెంట్ పొందిన జాన్ మేసన్ పేరుతో అమ్మే సీసాలు మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరుకుతాయి గానీ, వాటికి ప్రతిసారీ మార్చాల్సిన పలుచని లోపలి మూతలు దొరకడం కష్టం. జామ్ సీసాల పాత మూతలను మళ్ళీ వాడాలని చాలామందికి మనసు లాగుతుంది. లోపలి రబ్బరు పూత ఒకసారి అణిగాక రెండోసారి గట్టిగా పట్టుకుంటుందన్న నమ్మకం లేదు.

ఇక ఆరుబయట పనికి అసలు శత్రువు గాలి. పాలమూరులో మే చివర నుంచి ఈదురుగాలి మొదలైతే మంట ఒక పక్కకు ఒరిగిపోతుంది, గంజులో సగం తెర్లుతుంటే మిగతా సగం నిమ్మళంగా ఉంటుంది. భట్టికి మూడు వైపులా రేకులు నిలబెట్టి, కింద జానెడు సందు వదిలి, నాలుగో వైపు తెరిచి ఉంచడం మాకు కుదిరిన ఏర్పాటు. నాలుగు వైపులా మూసేస్తే బర్నరుకు గాలి అందక మంట పసుపు రంగుకు తిరుగుతుంది, గంజు అడుగు మసిబారుతుంది, ఆ వేడంతా వెనక్కి తిరిగి పైపు మీద పడుతుంది. సిలిండరు ఎప్పుడూ రేకుల బయట, పైపు అనుమతించినంత దూరంలో, నిటారుగా ఉండాలి.

ఈ భట్టిలో నాకు భయం కలిగించే లోపం ఒకటుంది: గాలికి మంట ఆరిపోతే గ్యాస్‌ను దానంతటదే ఆపే ఏర్పాటు దీనికి లేదు. ఎల్పీజీ గాలికంటే బరువైనది కాబట్టి అది పైకి పోకుండా నేల మీద పరుచుకుని పల్లంలోకి దిగుతుంది. మన ఇళ్ళ పెరట్లో ఆ పల్లం సాధారణంగా నీళ్ళ సంపు, లేకపోతే మోరీ. భట్టిని సంపు మూతకు దగ్గరగా పెట్టకూడదన్నది మా ఇంట్లో గట్టి కట్టుబాటు. అది మండుతున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మొదలుపెట్టేముందు ప్రతి జాయింటు మీదా సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాం. గ్యాస్ లీకయితే పిలవాల్సిన 1906 నంబరు రేకు మీదే రాసిపెట్టాం. చలికాలం కదా అని దీన్ని వరండాలోకి, షెడ్డులోకి జరపడం ప్రాణాంతకం. మూసిన చోట మండే మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

సిలిండరు విషయంలో మేము ఐదు కిలోలదీ, ఇంటికి వచ్చే 14.2 కిలోలదీ రెండూ వాడి చూశాం. ఐదు కిలోలది ఎత్తి తీసుకెళ్ళడానికి తేలిక. అయితే జనవరి ఉదయాల్లో పెద్ద మంట మీద నడిపినప్పుడు దానికి చెమట పడుతుంది, లోపల గ్యాస్ ద్రవం ఎంతవరకు ఉందో అంతవరకు బయట తడి గీత కనిపిస్తుంది. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని సిలిండరు నుంచే లాక్కుంటుంది కాబట్టి అది చల్లబడి, పీడనం తగ్గి, మంట నీరసిస్తుంది. మైనస్ 42 డిగ్రీల దగ్గర మరిగే ప్రొపేన్‌ను అచ్చంగా వాడే చలి దేశాలవారికి ఈ బాధ తక్కువ. మనది సున్నా దగ్గర మరిగే బ్యూటేన్ కూడా కలిసిన గ్యాస్. పెద్ద సిలిండరులో ఈ ఇబ్బంది పెద్దగా కనిపించలేదు. సిలిండరు మీద వేడినీళ్ళు పోయడం, దాన్ని భట్టి దగ్గరికి జరపడం ఏ పరిస్థితుల్లోనూ చేయకూడని పనులు. ఎంత గ్యాస్ మిగిలిందో తెలుసుకోవాలంటే తూకం వేసి, సిలిండరు మీద రాసి ఉన్న ఖాళీ బరువును తీసివేస్తే సరిపోతుంది. నలభై నిమిషాల మధ్యలో గ్యాస్ అయిపోతే ఏమవుతుందో పైన చెప్పాను కదా! ఇరవై లీటర్ల నీళ్ళను మరుగుకు తేవడానికే, ఆరుబయట సగానికి పైగా వేడి గాలిలో కలిసిపోతుంది కాబట్టి, పావు కిలో పైచిలుకు గ్యాస్ ఖర్చవుతుంది. సీసాలు అమ్ముకునే ఉద్దేశం ఉన్నవారు మాత్రం ఇంటి సిలిండరు వాడకూడదు, వాణిజ్య సిలిండరు తీసుకోవాలి.

ఈ పద్ధతికి లొంగనివీ ఉన్నాయి. పప్పు, మాంసం కూర, మక్కలు, బీన్స్ వంటి పులుపు లేని వాటిని మరిగే నీళ్ళలో గంట, రెండు గంటలు ఉంచినా బొటులినమ్ బీజాలు పూర్తిగా చావవు. వాటికి పీడనం కింద 116 నుంచి 121 డిగ్రీల వేడి కావాలి. ఇంట్లో పప్పు వండే కుక్కరు దానికి బదులు కాదు. అందుకోసమే తయారైన ప్రెషర్ క్యానరును ఇలాంటి భట్టి మీద పెట్టే ఆలోచన ఉన్నవారు ముందు దాని పుస్తకం చదవాలి. గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) మించిన ఆరుబయటి బర్నర్ల మీద వాడొద్దని రాసి ఉన్నవి ఉన్నాయి. పండిన మామిడి పులుపు కూడా రకానికో తీరుగా ఉంటుంది కాబట్టి కొల్లాపూర్ మామిడి రసంలోనూ నిమ్మ ఉప్పు కలిపి, పీహెచ్ కాగితంతో చూసుకున్నాకే సీసాకు ఎత్తుతాం. బాలానగర్ సీతాఫలం మన జిల్లాకు ఎంత పేరు తెచ్చినా, దాని గుజ్జు వేడి తగలగానే చేదెక్కుతుంది, పైగా పులుపు చాలదు. దాని చోటు ఫ్రీజరే. నల్లగొండ బత్తాయి రసం పిండిన రోజు అమృతమే, మరిగించి నిలవ ఉంచితే అందులో లిమోనిన్ అనే చేదు పదార్థం తయారై చేదవుతుంది.

భట్టి మన్నికకు వస్తే, పోత ఇనుము బర్నరుకు ఏ లోటూ రాలేదు. స్టాండు వెల్డింగు దగ్గర తుప్పు పట్టింది. వర్షాకాలం ముందు ఉప్పుకాగితంతో రుద్ది వేడిని తట్టుకునే నల్లరంగు వేస్తే ఏడాది గడుస్తుంది. కాళ్ళ మధ్య వెడల్పు చాలినంత ఉంది గానీ మట్టి నేల మీద ఒక కాలు దిగబడుతుంది కాబట్టి కింద షాబాద్ బండ వేసి నిలబెట్టాం. గంజు పొంగినప్పుడు జారిన నీళ్ళకు జెట్టు పూడుకుంటుంది, వాడకుండా పక్కన పెడితే సాలీడు గూడు కట్టి మూసేస్తుంది. మంట ఒక పక్క పసుపు రంగుకు మారడం దాని గుర్తు. సన్నటి తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదయ్యే ప్రమాదం ఉంది కాబట్టి జెట్టును విప్పి కిరోసిన్‌లో నానబెట్టి ఊదడం మేలు. అరిగిపోతే కొత్త జెట్టు పొయ్యిలు బాగుచేసే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. పాతదాన్ని చేత పట్టుకుని వెళ్ళి రంధ్రం సైజు పోల్చి చూసుకోవాలి; సైజు అడగకుండా చేతికొచ్చిన జెట్టు ఇచ్చేసే దుకాణాలే ఎక్కువ.