రీఫర్ కంటైనర్‌తో ఆరేళ్లు: ధర్మసాగర్ నుంచి జెబెల్ అలీ దాకా

ఫ్రోజెన్ కూరగాయలు నింపిన మొదటి రీఫర్‌కు, అంటే లోపల చల్లదనం నిలబెట్టే కంటైనర్‌కు, సీలు వేసిన రోజు నా భయమంతా సముద్రం మీదే. తుఫాను వస్తే ఎట్లా, నడిసముద్రంలో కరెంటు పోతే ఎట్లా అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆరేళ్ల తర్వాత చెబుతున్నాను, ఓడ మీద మా సరుకు ఒక్కసారి కూడా చెడలేదు. చెడిన ప్రతిసారీ అది నేల మీదే జరిగింది. ఒకసారి మా యూనిట్‌లో, ఒకసారి సోలాపూర్ రోడ్డు మీద, ఇంకోసారి నేను చెప్పిన తప్పుడు టెంపరేచర్ వల్ల.

మాది వరంగల్ పక్కన ధర్మసాగర్ దగ్గర చిన్న యూనిట్. బెండ, దొండ, చిక్కుడు, మునగ, పచ్చిమామిడి ముక్కలను గడ్డకట్టించి ప్యాకెట్లు చేస్తాం. ఎక్కువ భాగం దుబాయ్ పోతుంది, కొంత లండన్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పిల్లలు గల్ఫ్‌లో ఎంతమంది ఉన్నారో మనకు తెలిసిందే. డ్యూటీ దిగి రూముకొచ్చి చిక్కుడుకాయ కూర వండుకునే మనిషి ఆ ప్యాకెట్ విప్పితే ముక్క ముక్కగా విడివిడిగా రాలాలి. ఈ పనిలో నాకున్న పట్టుదలంతా దాని కోసమే.

మేం వాడేది 40 అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువుండే) రీఫర్. లోపల సుమారు 67 ఘనపు మీటర్ల జాగా ఉంటుంది. ఇది సరుకును గడ్డకట్టించే యంత్రం అనుకుని దిగితే నిండా మునుగుతారు. మైనస్ 18 డిగ్రీల్లో ఎక్కించిన సరుకును మైనస్ 18లో నిలబెట్టడమే దాని పని. చల్లగాలి నేల మీదున్న గాడుల్లోంచి వచ్చి, గోడల పక్కనుంచి పైకి లేచి, కప్పు కింది నుంచి వెనక్కి పోతుంది. అందుకే లోపలి గోడ మీద ఎర్ర గీత ఉంటుంది, ఆ గీత దాటి పెట్టెలు పేర్చకూడదు. "ఇంకో వరస పడుతుంది సార్" అని లోడింగ్ వాళ్లు ప్రతిసారీ అంటారు. పట్టదు.

రెండో ఏడు వేసవిలో ఆర్డర్ పెద్దదని సరుకును వేగంగా గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్‌ను కిక్కిరిసి నింపాం. పైపెట్టెలు రాయిలా ఉన్నాయి. నడిమి పెట్టెలో థర్మామీటర్ గుచ్చి చూడకుండానే ఎక్కించాం. కంటైనర్ దుబాయ్‌లోని జెబెల్ అలీ పోర్టు చేరాక కొనుగోలుదారు వీడియో పంపాడు. బెండకాయ ప్యాకెట్ పట్టుకుని ఊపితే గలగలమనాలి. అది ఇటుకలా ఒకే ముద్ద. కవరు లోపలి వైపు తెల్లటి మంచు పొర. కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టిన సరుకు గుర్తు అదే. అప్పటి నుంచి ప్రతి పది పెట్టెల్లో ఒకటి విప్పి, ప్యాకెట్ నడుమ ఎంత ఉందో చూసి, పుస్తకంలో రాశాకే ఎక్కిస్తున్నాం.

మన దగ్గర కోల్డ్ స్టోరేజీ అనగానే ఎనుమాముల చుట్టుపక్కల మిర్చి బస్తాలు పెట్టేవే గుర్తొస్తాయి. అవి సున్నాకు పైన నడిచేవి. కంటైనర్ లేటయితే ఆ రెండు రోజులు అక్కడ పెడదామని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే చెప్పాడు గానీ ఫ్రోజెన్ సరుకుకు అవి పనికిరావు.

వేసవిలో లోడింగ్ తెల్లవారుజామున 4 గంటలకే మొదలుపెడతాం. మధ్యాహ్నం ఎండ 44 డిగ్రీలు దాటే ఊళ్లో మరో దారి లేదు. తలుపులు తెరిచి ఉన్నంతసేపు కంటైనర్‌ను చల్లబరిచే మెషీన్ ఆపేస్తాం. నడుస్తుంటే బయటి వేడి గాలిని లోపలికి లాక్కుని, గాలిని చల్లబరిచే గొట్టాల (కాయిల్) మీద మంచు పేరుకుంటుంది.

ఇక రోడ్డు. వరంగల్ నుంచి హైదరాబాద్, జహీరాబాద్, సోలాపూర్, పూణే మీదుగా ముంబై దగ్గరి న్హవా షెవా పోర్టు. ఓడ మీదా, పోర్టులోనూ కంటైనర్‌కు ప్లగ్ ఉంటుంది. రోడ్డు మీద దానికున్న ఆధారం డీజిల్‌తో నడిచే జెన్‌సెట్ (జనరేటర్) ఒక్కటే. నాలుగో ఏడు మే నెలలో సోలాపూర్ దాటాక రాత్రి అది ఆగిపోయింది. డ్రైవర్ అలసిపోయి పడుకున్నాడు. తెల్లారి ఫోన్ చేశాడు, "సార్, జెన్‌సెట్ సప్పుడు లేదు, ఎప్పుడాగిందో తెల్వదు." ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. మెకానిక్ దొరికి మళ్లీ నడిచేసరికి ఏడు గంటలైందని తర్వాత టెంపరేచర్ రాసుకునే లాగర్ గ్రాఫ్‌లో తేలింది. తలుపు పక్కనున్న వరసలు దెబ్బతిన్నాయి. కంటైనర్ నిండుగా ఉంది కాబట్టి నడుమ సరుకు నిలబడింది. సగం లోడే ఉంటే వేడెక్కడం ఇంకా త్వరగా జరిగేది.

ఇన్సూరెన్స్ అడిగితే అప్పుడు తెలిసింది, మా పాలసీలో మెషీన్ వరసగా 24 గంటలు ఆగితేనే క్లెయిమ్. ఏడు గంటలకు పైసా రాలేదు. పాలసీ తీసుకునే ముందే ఆ ఒక్క వాక్యం చదవండి. డబ్బు కట్టాక చదివి లాభం లేదు.

లాగర్ సంగతి కూడా చెప్పాలి. కంటైనర్ సొంతంగా రాసుకునే లెక్క లోపల తిరిగే గాలిది, మన ప్యాకెట్‌ది కాదు. అందుకే యూఎస్‌బీ లాగర్లు మూడు పెడతాను: ఒకటి తలుపు దగ్గర, ఒకటి నడుమ, ఒకటి మెషీన్ వైపు. దానికి తోడు ఇంకో చిన్న పని. అర సీసా నీళ్లు నిలువుగా గడ్డకట్టించి, దాన్ని పెట్టెలో అడ్డంగా పడుకోబెడతాను. అక్కడ విప్పినప్పుడు మంచు సీసా అడుగునే ఉంటే సరే. కరిగి మళ్లీ గట్టిపడితే సీసా పక్క పొడవునా పరుచుకుని ఉంటుంది. బ్యాటరీ అయిపోయే గొడవే లేదు.

2023 డిసెంబరు తర్వాత ఎర్రసముద్రం గొడవలతో ఓడలు ఆఫ్రికా దక్షిణ కొన చుట్టూ తిరిగిపోవడం మొదలైంది. మా లండన్ కంటైనర్ ఒకటి అలా రెండు వారాలు లేటుగా చేరింది. గ్రాఫ్ తెరిచి చూస్తే ఆ అదనపు రోజులన్నీ మైనస్ 18 దగ్గర గీత గీసినట్టే ఉన్నాయి. సముద్రం మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

మామిడి వేరే కథ. జగిత్యాల బంగినపల్లి ఒక కంటైనర్ పంపాం. "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది" అనుకుని 8 డిగ్రీలు పెట్టమన్నది నేనే. మామిడికి 13 దగ్గర ఉండాలి. అంతకంటే బాగా చల్లబడితే కాయ లోపల దెబ్బతింటుంది. తోలు మీద బూడిదరంగు మచ్చలు తేలాయి, బయటికి తీశాక పండలేదు. పచ్చి కాయ ఊపిరి తీసుకుంటుంది కాబట్టి గాలి కిటికీ కూడా కొద్దిగా తెరిచి ఉంచాలి. ఫ్రోజెన్ సరుకుకు అదే కిటికీ పూర్తిగా మూయాలి. ఆ తోట రైతుకు మాట ఇచ్చిన ధర మొత్తం ఇచ్చాను. తప్పు నాదైనప్పుడు ఆయన ఎందుకు నష్టపోవాలి?

కాగితాల పని సీహెచ్ఏ (కస్టమ్స్ ఏజెంట్) చూసుకుంటాడు, అందులో పెద్దగా చెప్పేదేం లేదు. బుకింగ్ కాగితం మాత్రం మీరే చదవండి. ఒకసారి ఏజెంట్ ఆఫీసులో మైనస్ గుర్తు వదిలేసి 18 అని కొట్టారు. ఫ్రోజెన్ దొండకాయ ప్లస్ 18లో ప్రయాణం చేసేది! అప్పటి నుంచి మెయిల్‌లో అంకెతో పాటు "మైనస్ పద్దెనిమిది" అని అక్షరాల్లో కూడా రాస్తున్నాను.

ఖర్చులో నన్ను ఎక్కువగా బాధపెట్టింది కిరాయి కాదు, పోర్టులో ఆగిన రోజులకు కరెంటు ఇచ్చినందుకు వేసే ప్లగ్ చార్జీలు. అందుకే ఈద్ సెలవుల ముందు చేరేలా పంపకండి, సరుకు పోర్టులోనే ఆగిపోతుంది.

నెలకు ఒక కంటైనర్ నిండే సరుకు లేనివాళ్లకు ఈ దారి ఇప్పుడే వద్దంటాను. ఇద్దరు ముగ్గురు కలిసి నింపగలిగితే, బ్లాస్ట్ ఫ్రీజర్ సొంతంగా ఉంటే, దిగొచ్చు.

వచ్చే వారం చిక్కుడు లోడ్ ఉంది. డ్రైవర్ సోలాపూర్ దగ్గర ఫోన్ చేసిన అతనే, నేనే అడిగి పెట్టించుకున్నాను. ఇప్పుడు ఇద్దరు డ్రైవర్లు, వంతులవారీగా. నాలుగు గంటలకోసారి జెన్‌సెట్ డిస్‌ప్లే ఫోటో వాట్సాప్‌లో వస్తుంది, రాత్రి రెండింటికైనా సరే. నేనూ లేచి చూస్తాను.