అలవాట్లు చూసి వడ్డించే ఫీడా, మనం ఎంచుకున్న ఫీడా: ఏది మేలు?

యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తెరవగానే కళ్లముందు వరుసగా కనిపించే పోస్టులు, వీడియోల్లో, అంటే ఫీడ్‌లో, ఏం రావాలో ఎవరు తేల్చాలి? దారులు మూడున్నాయి. మన అలవాట్లు గమనించి యాపే ఏరి పెట్టడం ఒకటి. మనం ఫాలో అయ్యేవాళ్ల పోస్టులు కొత్తవి ముందుగా రావడం రెండోది. హిస్టరీ (మనం చూసినవాటి, వెతికినవాటి రికార్డు) ఆపేసి, వెతికిందే చూడటం మూడోది.

మొదటిదాని వల్ల మేలు లేదనలేం. మిరపలో తామర పురుగు గురించి చెప్పే చిన్న ఛానల్‌ను, దాని పేరైనా వినని రైతు ముందు పెట్టేది అదే. చిక్కంతా అది దేన్ని కొలుస్తుందన్న దగ్గరే ఉంది. 2012లో యూట్యూబ్ వ్యూస్ కంటే ఎంతసేపు చూశారన్నదానికి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత, చూసినవాళ్లను అడిగే సర్వేల జవాబులనూ కలిపారు. అయినా భయంతో చూసిన నిమిషానికీ, ఇష్టంగా చూసిన నిమిషానికీ తేడా పట్టడం ఏ లెక్కకైనా కష్టమే.

ఛాతీలో మంటగా ఉందని ఒకరు రాత్రిపూట గుండెపోటు లక్షణాల వీడియో ఒకటి చివరిదాకా చూశారనుకుందాం. తెల్లారేసరికి హోమ్ పేజీలో బ్లాకులు కరిగించే కషాయాలు, స్టెంట్ వద్దనే ప్రసంగాలు దిగిపోవచ్చు. ఆ మనిషికి కావాల్సింది ఒక్క జవాబు. అది దొరికాక కూడా భయమే వడ్డిస్తూ పోతే దాన్ని సేవ అనలేం. పైగా ఒకే ఫోను నలుగురి చేతుల్లో తిరిగే ఇళ్లలో, ఆయన నోరు విప్పకముందే ఆ రోగం సంగతి అందరికీ తెలిసిపోతుంది.

నచ్చకపోతే వద్దని చెప్పొచ్చు కదా అంటారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2022లో యూట్యూబ్ మీద 22,722 మంది ఇచ్చిన డేటాతో సరిగ్గా ఇదే పరీక్షించింది. వద్దన్న రకం సిఫార్సుల్లో ‘డోంట్ రికమెండ్ ఛానల్’ బటన్ ఆపగలిగింది 43 శాతం. ‘నాట్ ఇంట్రెస్టెడ్’ అయితే 11 శాతమే. కాబట్టి ఛానల్‌నే ఆపే బటన్ నొక్కండి, రెండోదాన్ని నమ్ముకోకండి. వద్దన్నాక కూడా సగానికి పైగా వస్తూనే ఉంటే, చూసేవాళ్లు ఒప్పుకునే చూస్తున్నారన్న వాదన నిలబడదు.

ఇక కొత్తవి ముందు వచ్చే ఫీడ్. ఇదే అన్నిటికీ మందు అనుకోవడం కూడా పొరపాటే. 2020 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కొందరికి మూడు నెలలపాటు ఇలాంటి ఫీడ్ ఇచ్చి చూశారు. ఫలితాలు 2023లో ‘సైన్స్’ అనే పరిశోధన పత్రికలో వచ్చాయి. జనం యాప్‌లో గడిపే సమయం తగ్గింది. ఫేస్‌బుక్‌లో దురుసు మాటలు తగ్గాయి. కానీ రెండింటిలోనూ రాజకీయ పోస్టులు, నమ్మదగని చోట్ల నుంచి వచ్చేవి పెరిగాయి. రాజకీయ అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వరుస మార్చినంత మాత్రాన ఒరిగేది తక్కువ. రోజుకు ఇరవై పోస్టులు పెట్టే పేజీ ఒక్కటున్నా మిగతావాళ్లు కిందికి పోతారు. ముందు అలాంటివాటిని అన్‌ఫాలో చేయాలి.

అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే జాబితా మన చేతిలో ఉంటుంది. ఫేస్‌బుక్ మెనూలో ‘ఫీడ్స్’, యూట్యూబ్‌లో ‘సబ్‌స్క్రిప్షన్స్’ ఇందుకే. ఇన్‌స్టాగ్రామ్ 2022 మార్చిలో ‘ఫాలోయింగ్’ ఇచ్చింది గానీ, దాన్ని శాశ్వతంగా పెట్టుకోనివ్వలేదు. యాప్ మూసి తెరిస్తే మళ్లీ పాత ఫీడే. ఎంపిక ఇచ్చినట్టే ఇచ్చి రోజూ వెనక్కి లాక్కోవడం న్యాయం కాదు. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం, మన అలవాట్లతో తయారుచేసే ప్రొఫైల్ ఆధారం లేని ఫీడ్ కనీసం ఒకటి ఇవ్వాలని పెద్ద యాప్‌లకు షరతు పెట్టింది. 2023 ఆగస్టు నుంచి అక్కడ అది అమల్లో ఉంది.

మూడో దారిలో చాలామంది సగమే చేసి వదిలేస్తారు. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో హిస్టరీ విభాగానికి వెళ్లి ముందు పాతదంతా చెరిపేయాలి, ఆ తర్వాతే హిస్టరీ ఆపాలి. చెరపకుండా ఆపితే పాతవాటి ఆధారంగానే సిఫార్సులు వస్తూ ఉంటాయి. రెండూ చేస్తే హోమ్ దాదాపు ఖాళీ. అయితే సగంలో ఆపిన వీడియో ఎక్కడ ఆగిందో గుర్తుండదు. పూర్తిగా వదులుకోలేనివారు మూడు నెలలకోసారి దానంతటదే చెరిగేలా పెట్టుకోవచ్చు. రోగాలు, అప్పుల సంగతులు వెతికేటప్పుడు మాత్రం హిస్టరీలో చేరకుండా చూసే ఇన్‌కాగ్నిటో మోడ్ తప్పనిసరి.

పిల్లల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, అలవాట్ల ఫీడ్ వద్దే వద్దు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 9వ సెక్షన్, 18 ఏళ్లలోపు వారి ప్రవర్తనను గమనించడాన్నీ, వారిపై గురిపెట్టి ప్రకటనలు వేయడాన్నీ నిషేధిస్తుంది, అయితే అది వెంటనే అమల్లోకి రాలేదు. అమలైనా, బిడ్డ చూసేది అమ్మ ఫోనులో, అమ్మ అకౌంట్‌లో అయితే, యాప్ లెక్కలో అక్కడ ఉన్నది పెద్ద మనిషి. ఆ రక్షణ బిడ్డదాకా రాదు. యూట్యూబ్ కిడ్స్‌లో పిల్లాడి పేరుతో ప్రొఫైల్ పెట్టి, తల్లిదండ్రులు ఒప్పుకున్న వీడియోలే కనిపించే సెట్టింగ్ ఎంచుకోండి. ఛానళ్లను ఒక్కొక్కటిగా చేర్చాలి, దానికి కాస్త ఓపిక కావాలి. అందులో సెర్చ్ కూడా పనిచేయదు, కాబట్టి పిల్లాడు కొత్తది అడిగిన ప్రతిసారీ మీరే చూసి చేర్చాల్సి ఉంటుంది.