గుర్రమెక్కి వెళ్లిపోయిన షేనా, గడప బయటే ఆగిపోయిన ఈథనా?

కౌబాయ్ సినిమాల్లో ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగే హీరోని చివర్లో ఏం చెయ్యాలన్నది చాలా కష్టమైన పని. పెళ్లి చేసి ఊళ్లో కూర్చోబెడితే అప్పటిదాకా మనం చూసిన మనిషి మాయమైపోతాడు, చంపేస్తే ప్రాణం ఉసూరుమంటుంది. 'స్టేజ్‌కోచ్' (1939)లో జాన్ ఫోర్డ్ హీరో హీరోయిన్లని బండెక్కించి సరిహద్దు వైపు పంపించేశాడు. బాగానే ఉంటుంది, కానీ మనసులో నిలవదు. నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకునేవి రెండు ముగింపులు: జార్జ్ స్టీవెన్స్ 'షేన్' (1953), అదే ఫోర్డ్ తీసిన 'ది సెర్చర్స్' (1956).

షేన్ వయోమింగ్ లోయలో ఒక రైతు ఇంట పనికి కుదురుతాడు, తుపాకీ మానేద్దామనుకుంటాడు, కానీ పశువుల ఆసామి కిరాయి హంతకుణ్ణి దింపాక మళ్లీ పట్టక తప్పదు. అందరినీ కాల్చేసి బయటికొస్తే రైతు కొడుకు జోయీ అక్కడే ఉంటాడు. మనిషిని చంపినవాడికి ఆ ముద్ర పోదని, అమ్మకి ధైర్యం చెప్పమని వాడికి నచ్చజెప్పి, గాయంతోనే గుర్రమెక్కుతాడు. అమ్మకి నువ్వు కావాలి, వెనక్కి రా అని పిల్లాడు అరుస్తూనే ఉంటాడు. ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది. అయినా నాకు ఒక వెలితి: షేన్ ఎందుకు వెళ్లిపోతున్నాడో షేనే విడమరిచి చెప్పేస్తాడు, పైగా పిలిచే ఇల్లు ఉండి కూడా కాదనుకుని వెళ్తాడు కాబట్టి అది త్యాగం, మనకి గర్వంగానే ఉంటుంది.

'ది సెర్చర్స్' హీరో ఈథన్‌కి ఆ గౌరవం కూడా దక్కదు. కొమాంచీలనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లు ఎత్తుకెళ్లిన సోదరుడి కూతురు డెబ్బీ కోసం ఏళ్ల తరబడి వెతుకుతాడు, దొరికితే చంపేద్దామన్నంత ద్వేషం పెంచుకుంటాడు. మొదట్లో ఒక చోట చచ్చిపోయిన కొమాంచీ కళ్లలోకి తుపాకీ పేలుస్తాడు, కళ్లు లేకపోతే వాడి ఆత్మ ఎప్పటికీ గాలుల మధ్య తిరుగుతూనే ఉంటుందట. ఆ శాపం చివరికి ఎవరికి తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. డెబ్బీని చంపకుండా రెండు చేతులతో పైకెత్తి ఇంటికి పోదాం పద అంటాడు, చిన్నప్పుడు ఎత్తినట్టే. మనసెందుకు మారిందో సినిమా చెప్పదు. చాలామందికి అది లోపం, నాకు కాదు. కొమాంచీలని చూపించిన తీరు మాత్రం నాకూ మింగుడుపడదు.

తర్వాత పొరుగువాళ్ల ఇంటి ముందు అందరూ అతని పక్కనుంచే లోపలికి వెళ్లిపోతారు. అతను మాత్రం గడప బయటే ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని ఒక్క క్షణం నిలబడతాడు. పాత నటుడు హ్యారీ కేరీ అలాగే నిలబడేవాడు, ఆయన భార్య ఆలివ్ కేరీ ఆ ఇంటి ఇల్లాలిగా ఇదే సినిమాలో ఉంది, అందుకే ఈథన్ వేషం వేసిన జాన్ వేన్ అలా చేశాడు. ఒక్క మాట లేదు, వెనక్కి పిలిచే గొంతు లేదు.

అందుకే నా ఓటు సెర్చర్స్‌కే. పిల్లలతో కూర్చుని చూడాలంటే మాత్రం షేన్. సెర్చర్స్ మళ్లీ చూసేవాళ్లు ఒక్కటి గమనించండి, సినిమా మొదట్లో తలుపు తీసి అతనికి ఎదురొచ్చింది సోదరుడి భార్య మార్తా. చివరి తలుపు మూసుకునేటప్పటికి ఆమె లేదు, ఆ ఇల్లు కూడా కాలిపోయింది.