టబ్బు కింది వేస్ట్, ఓవర్‌ఫ్లో కిట్: నాలుగేండ్లు వాడినంక

ఇది టబ్బు గురించి కాదు. టబ్బు కింద ఎవ్వరికి కనపడకుండ ఉండే సామాను గురించి. అంటె నీళ్లు పోయే అడుగు రంధ్రం (వేస్ట్), టబ్బు నిండితె ఎక్కువ నీళ్లు పోయే పై రంధ్రం (ఓవర్‌ఫ్లో), వాటి పైపులు. నల్లగొండల ఇల్లు కట్టుకున్నప్పుడు పై అంతస్తు బాత్రూంల అయిదున్నర అడుగుల అక్రిలిక్ టబ్బు పెట్టించినం. మా ఇంటామెకు నడుం నొప్పి, వేడి నీళ్లల్ల కూసుంటె హాయిగ ఉంటదని పట్టుబట్టింది. "బకెట్టు, చెంబు చాలదా బిడ్డా" అని మా అమ్మ నవ్వింది.

టబ్బుతోని వేస్ట్ కిట్ రాలే, విడిగ కొన్నం. ఇత్తడిది, పాపప్ మూతది, 3,200 రూపాయలు. ఓవర్‌ఫ్లో మీదున్న గుండ్రటి పిడి తిప్పితె లోపల కేబుల్ కదిలి అడుగున మూత లేస్తది. చూడనీకె మస్తుంటది.

బిగించే రోజు ప్లంబర్‌తోని రెండు పంచాయితీలు అయినయి. అడుగు రంధ్రం చుట్టు వైట్ సిమెంట్ పెడ్తనన్నడు. నేను వద్దని సిలికాన్ తెప్పించిన. అక్రిలిక్ టబ్బు మనిషి కూసుంటె కొంచెం కదుల్తది, సిమెంట్ పగుల్తది, సిలికాన్ సాగుతది. రెండోది, టబ్బు పక్క గోడల అడుగు వెడల్పు కంత ఇడిసి మూత పెట్టమన్న, రేపు రిపేరు ఒస్తె తీసి చూడనీకె. "మంచిగ టైల్స్ ఏసినంక మూతెందుకు సార్, గలీజ్ కొడ్తది" అన్నడు. టైల్స్ మేస్త్రీ కూడ ఆయన దిక్కే. నేను ఇనలే. ఈ ఇంట్ల నేను చేసిన తెలివైన పని అదొక్కటే అని మా ఇంటామె ఇప్పటికి అంటది.

అంత అయినంక ఒక బకెట్ నీళ్లు పోసి, "సుక్క కూడ కారుతలేదు సార్" అని చూపిచ్చిండు. నేను కూడ సరే అన్న. తప్పు ఆడనే జరిగింది.

ఆరు నెలలు ఏం కాలే. దసరా సెలవులకు మనుమండ్లు ఒచ్చినంక కింద పూజగది స్లాబుకు చెయ్యంత తడి మరక పడ్డది. మొదలు పైన ట్యాంకు అనుకున్నం, తర్వాత గీజర్ లైన్ అనుకున్నం. పోరగాండ్లు పోంగనే మరక ఎండింది, సంక్రాంతికి ఒచ్చిన్రు, మళ్ల తడిసింది. అప్పుడు ఎలిగింది. మా ఇంటామె ఒక్కతే దిగితె నీళ్లు ఓవర్‌ఫ్లో దాకా రావు. ఇద్దరు పిల్లలు ఒక్కసారి దుంకితె ఒస్తయి.

గోడ కంత మూత తీసి, టార్చ్ పట్టుకొని బోర్ల పండుకున్న. ఆమె చెంబుతోని ఓవర్‌ఫ్లో రంధ్రాలల్ల నీళ్లు పోసింది. టబ్బు గోడ ఎనక ఓవర్‌ఫ్లో వాషర్ అడుగు అంచు నుంచి ఒక్కొక్క సుక్క పైపు ఎంట జారుతున్నది. ఇప్పి చూస్తె వాషర్ ఒక దిక్కు మందం, ఒక దిక్కు పల్చన. టబ్బు గోడ పైకి పోంగ బయటికి వాలి ఉంటది, ఎనక మోచేయి పైపు నిటారుగ ఉంటది. సందు కిందనే ఎక్కువ, గందుకే మందం దిక్కు కిందికి రావాలె. మా ప్లంబర్ తలకిందులు పెట్టిండు. తిప్పి పెట్టనీకె పది నిమిషాలు పట్టలే. గ కంత లేకుంటె టైల్స్ అన్ని పగులగొట్టాల్సొచ్చేది.

గందుకని కొత్తగ పెట్టుకునేటోళ్లకు చెప్తున్న, బకెట్ పరీక్ష నమ్మకున్రి. మూతేసి ఓవర్‌ఫ్లో నుంచి నీళ్లు పోయేదాక నింపి, కింద పొడి కాయితం పరిచి గంట చూడున్రి. ప్లాస్టిక్ కిట్ అయితె నట్లు చేత్తోని బిగించి, పానాతోని ఇంకొంచెం తిప్పితె చాలు, బలం చూపిస్తె పగుల్తయి. ఇంకోటి, రెండు ట్యాపులు ఫుల్లుగ ఇడిసి ఫోన్‌ల మాట్లాడుకుంట కూసుంటె ఓవర్‌ఫ్లో కాపాడదు. దాని పైపు అంత నీళ్లు గుంజలేదు, మా బాత్రూం ఒకసారి చెరువైంది.

ఇగ ఇత్తడి కిట్ సంగతి. పైపులు, జాయింట్లు నాలుగేండ్లల్ల ఏం కాలే. పాపప్ మాత్రం పనికిరాలే. మా జిల్లా నీళ్లంటె అందరికి ఫ్లోరైడ్ యాదికొస్తది గని, మూతను పట్టింది అది కాదు, బోరు నీళ్లల్ల ఉండే సున్నం. మిషన్ భగీరథ నల్లా నీళ్లు మాకు తాగనీకె, వండనీకె. టబ్బుకు బోరే. మూత కింద తెల్ల పొర గట్టి పడి, మూడో ఏడు కేబుల్ ఇరుక్కపోయింది. నకిరేకల్‌ల నిమ్మకాయలకే మార్కెట్ ఉన్న జిల్లా కదా, నిమ్మరసం రుద్దిన, కొంచెం పోయింది. కిరాణంల దొరికే నిమ్మ ఉప్పు వేడి నీళ్లల్ల కలిపి రాత్రంత నానబెట్టిన. పొర పోయింది, దాంతోని మూత మెరుపు కూడ మసకబారింది. అరగంట చాలని తర్వాత తెలిసింది.

కడకు కేబుల్ పీకేసి, నలభై రూపాయల గొలుసు రబ్బరు బిరడ పెట్టిన. ఏడాదైంది, సుక్క కారలే. పిడి మాత్రం ఉత్తగనే తిరుగుతది, చిన్న మనుమడు దాన్ని స్టీరింగ్ అంటడు. మళ్ల కొంటె ఇత్తడిదే కొంట, కేబుల్‌ది మాత్రం కొన. ఓవర్‌ఫ్లో వాషర్లు రెండు ఎక్కువ తెచ్చి, కవర్ల చుట్టి ఆ కంతలనే పెట్టిన. ఏది కిందికి రావాలెనో పెన్నుతోని బాణం గీసిన.