వెదర్ స్టేషన్ డబ్బాలో వచ్చే కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌ను నమ్మి మోసపోకండి

బెంగళూరులో మిద్దె తోటకో, హోసకోటె వైపు పొలానికో వాన, తేమ, గాలి పీడనం కొలిచే వెదర్ స్టేషన్ కొనే మనవాళ్లంతా జాగ్రత్త. డబ్బాలో ఒక కాలిబ్రేషన్ సర్టిఫికెట్ (పరికరాన్ని పోల్చి చూసి సరిగ్గా కొలుస్తోందని ఇచ్చే కాగితం) పెట్టి, దాని పేరు చెప్పి ధర పెంచుతున్నారు. అందులో మీ సెన్సర్ సీరియల్ నంబరు, దేనితో పోల్చారు, ఎంత తేడా వచ్చింది, అన్‌సర్టెనిటీ (కొలత ఎంత అటూఇటూ ఉండొచ్చన్నది) ఎంత అన్నవి లేకపోతే అది వట్టి అచ్చు కాగితం. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ ఇచ్చినదైతే, ఆ ఒక్క సర్టిఫికెట్‌కే ఇచ్చే యూఎల్‌ఆర్ నంబరు కూడా ఉంటుంది.

రిటర్న్ గడువు దాటకముందే మీరే పరీక్షించండి. ముందు వానమాపకం, ఎక్కువ తేడాలు వచ్చేది అక్కడే. రసమట్టం పెట్టి సమంగా కూర్చోబెట్టండి. గరాటు నోరు కొలవండి. వ్యాసం 200 మి.మీ. అయితే 314 మి.లీ. నీళ్లు 10 మి.మీ. వానకు సమానం. సీసా మూతకు సన్నటి చిల్లు పెట్టి, అరగంటకు తగ్గకుండా చుక్కచుక్కగా వదలండి. ఒక్కసారిగా పోస్తే, లోపల నిండగానే ఒరిగి లెక్క వేసే చిన్న బకెట్ ఒరిగేలోపు పడిన నీళ్లు లెక్కకు రావు, మంచి పరికరం కూడా తక్కువే చూపిస్తుంది. 0.2 మి.మీ. వానకోసారి ఒరిగే బకెట్ 50 సార్లు ఒరగాలి. 48 నుంచి 52 దాకా పర్వాలేదు. 42 దగ్గరే ఆగితే బకెట్ కింది స్క్రూలు రెండూ సమానంగా పైకి తిప్పితే సరవుతుంది. కానీ స్క్రూ ముట్టుకుంటే వాపసు తీసుకోకపోవచ్చు, కాబట్టి సీరియల్ నంబరు కనిపించేలా ముందే వీడియో తీయండి.

తేమ సెన్సర్‌కు వంటింటి ఉప్పు చాలు. గిన్నెలో ఉప్పు వేసి తడి ఇసుకలా అయ్యేంత నీళ్లే కలపాలి, ఉప్పు పూర్తిగా కరగకూడదు. ఆ గిన్నెనూ సెన్సర్‌నూ ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. 25 డిగ్రీల దగ్గర 75 శాతం చూపాలి. తేడా 5 దాటితే తిప్పి పంపేయండి.

పీడనం విషయంలో మాత్రం మరీ జాగ్రత్త. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ అసలు పీడనం 910 హెక్టోపాస్కల్స్ (పీడనం కొలిచే యూనిట్) అటూఇటూ ఉండాలి. "ఆబ్సల్యూట్" (అసలు పీడనం) అన్నచోట 1010 కనిపిస్తే ఎవరో ఆఫ్‌సెట్ (కొలతకు అదనంగా కలిపే అంకె) కలిపి అంకె అందంగా చూపించారన్నమాట. రీసెట్ చేసి చూడండి. పరికరం సముద్ర మట్టానికి లెక్కగట్టి చూపే విలువను వాతావరణ శాఖ బెంగళూరు రీడింగ్‌తో అదే గంటలో పోల్చండి. ఎందుకంటే ఉదయం 10కీ సాయంత్రం 4కీ మధ్యే మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ తేడా మామూలుగా ఉంటుంది.