పోస్ట్‌గ్రెస్ మెమరీ కాంటెక్స్ట్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పోస్ట్‌గ్రెస్ కోసం సి భాషలో ఎక్స్‌టెన్షన్లు (అదనంగా తగిలించే కోడ్) రాయడం చాలా ఏళ్లుగా నా పని. ఆ డేటాబేస్ లోపలి ఏర్పాట్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మెమరీ కాంటెక్స్ట్‌లు, అంటే తీసుకున్న మెమరీ ముక్కల్ని గుంపుగా ఉంచి ఒక్కసారే విడిచిపెట్టే ఏర్పాటు.

మామూలు సి ప్రోగ్రాములో మాలాక్‌ అనే ఫంక్షన్‌తో తీసుకున్న ప్రతి మెమరీ ముక్కనీ గుర్తుపెట్టుకుని ఫ్రీ చెయ్యాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఎర్రర్ వచ్చిందంటే కంట్రోల్ లాంగ్‌జంప్‌తో, అంటే మధ్యలోని ఫంక్షన్లని దాటి ఒక్క దూకుతో, నేరుగా పైకి వెళ్లిపోతుంది, మనం ఫ్రీ రాసుకున్న లైను దాకా రానే రాదు. అందుకే ఇక్కడ మాలాక్ బదులు పోస్ట్‌గ్రెస్ సొంత ఫంక్షన్ పాలాక్ వాడతాం. అది ఇచ్చే మెమరీ ఆ క్షణాన నడుస్తున్న కాంటెక్స్ట్‌కి చెందుతుంది. ట్రాన్సాక్షన్ ముగిశాక దాని కాంటెక్స్ట్, దాని కింద పుట్టిన పిల్ల కాంటెక్స్ట్‌లు అన్నీ పోతాయి. పాలాక్ నల్ (ఖాళీ పాయింటర్) ఇవ్వదు, మెమరీ లేకపోతే తనే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ చెప్పడానికి కూడా చోటు కావాలి కదా, అందుకని ఎర్రర్ల కోసమే ఉన్న ఎర్రర్‌కాంటెక్స్ట్‌లో 8 కేబీ ముందే పక్కన పెట్టి ఉంటుంది.

అసలు అందం టేబుల్లోని వరుసకొకసారి ఖాళీ అయ్యే కాంటెక్స్ట్‌లో ఉంది. కోటి వరుసల మీద క్వెరీలోని వేర్ కండిషన్ నడుస్తున్నప్పుడు పుట్టే తాత్కాలిక స్ట్రింగులన్నీ ఒక్క రీసెట్‌తో పోతాయి. ఇలాంటి చోట ప్రతి చిన్న ముక్కకీ పీఫ్రీ (పాలాక్ ఇచ్చిన ముక్కని విడిచే ఫంక్షన్) రాయడం అనవసరం. అది ఆ ముక్కని మళ్లీ వాడుకోవడానికి ఫ్రీలిస్టులో వేస్తుందే తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇవ్వదు. కానీ ఒకే ఫంక్షన్ కాల్ లోపల పెద్ద లూప్ ఉంటే ఆ రీసెట్ మనకి అందదు. అప్పుడు సొంత కాంటెక్స్ట్ పెట్టుకుని ప్రతి చుట్టుకీ రీసెట్ చేస్తాను. రీసెట్ అయినా మొదటి 8 కేబీ బ్లాకు అలాగే ఉంటుంది కాబట్టి చిన్న పనులకి మళ్లీ మాలాక్ దాకా వెళ్లక్కర్లేదు.

టెన్షన్ పెట్టేది ఆయుష్షు లెక్క. వరుసల మధ్య దాచుకోవాల్సిన డేటాని ఎఫ్ఎన్_ఎమ్‌సీఎక్స్‌టీ అనే, వరుస మారినా ఖాళీ కాని కాంటెక్స్ట్‌లో పెట్టాలి. లేకపోతే రెండో వరుసకే పాయింటర్ చచ్చిపోతుంది, ప్రొడక్షన్ బిల్డ్‌లో అది కొన్నాళ్లు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది కూడా. డెవలపర్లు తప్పులు పట్టుకోవడానికి వాడే కాసర్ట్ బిల్డ్ మాత్రం విడిచిన మెమరీని 0x7ఎఫ్‌తో నింపుతుంది కాబట్టి తప్పు వెంటనే దొరుకుతుంది. భయపడి అన్నీ కనెక్షన్ ఉన్నంతకాలం బతికే టాప్‌మెమరీకాంటెక్స్ట్‌లో పడేసినా గొడవే. పూలింగ్ (తెరిచిన కనెక్షన్లనే మళ్లీ మళ్లీ వాడటం) ఉన్నచోట కనెక్షన్లు రోజుల తరబడి బతుకుతాయి, వాటితోపాటు ఆ మెమరీ కూడా. ఒకప్పుడు ఇలాంటివి పట్టుకోవాలంటే జీడీబీ అనే డీబగ్గర్ తగిలించాల్సి వచ్చేది. వెర్షన్ 14లో వచ్చిన పీజీ_లాగ్_బ్యాకెండ్_మెమరీ_కాంటెక్స్ట్స్ వేరే సెషన్ నుంచే ఆ లెక్కంతా లాగ్‌లో రాయిస్తుంది. నాకు ఇంత ఉపయోగపడిన మార్పు ఇంకోటి లేదు.

నచ్చనివీ ఉన్నాయి. మామూలుగా వాడే అలాక్‌సెట్ రకం కాంటెక్స్ట్ చిన్న ముక్కలని రెండు ఘాతాల్లో ఆపై వచ్చే సంఖ్యకి పెంచేస్తుంది. 520 బైట్లు అడిగితే 1,024 పోతాయి. వెర్షన్ 10లో స్లాబ్, 11లో జనరేషన్, 17లో బంప్ అనే వేరే రకాలు వచ్చి ఈ బాధ కొంత తగ్గించాయి. బంప్‌లో ముక్కకి హెడరే (ముక్క వివరాలుండే ముందు భాగం) ఉండదు, అందువల్ల పీఫ్రీ కుదరదు. సార్టింగ్ లాంటి పనికి అది చక్కగా సరిపోతుంది. వెర్షన్ 16 నుంచి మిగతావాటిలోనూ హెడర్ 8 బైట్లకి దిగింది.

ప్రస్తుత కాంటెక్స్ట్ గ్లోబల్ వేరియబుల్ కావడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. ఫంక్షన్ కోడ్ చూసి దాని పాలాక్ ఎక్కడ పడుతుందో చెప్పలేం, పిలిచేవాడిని వెతకాలి. అందుకే మా టీమ్‌లో ఫలితం ఏ కాంటెక్స్ట్‌లో ఉంటుందో ఫంక్షన్ పైన కామెంట్‌గా రాయకపోతే ప్యాచ్ తీసుకోం.