యాకిమా హాప్ తోటల మీదుగా పోర్ట్‌లాండ్ దాకా: బీరు కాచే సామాను షాపుల కోసం ఒక యాత్ర

సియాటిల్ పక్కన బాథెల్‌లో ఉంటాం. ఇంట్లో బీరు కాయడం మొదలుపెట్టాక సామాను కొనే షాపుల మీద నాకు గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఈ సెప్టెంబరులో మా ఆవిడ, నేను, హిల్స్‌బరో నుంచి వచ్చిన మా బావమరిది కలిసి కారులో యాకిమా, హుడ్ రివర్, పోర్ట్‌లాండ్ చుట్టి వచ్చాం. డ్రైవింగ్ చాలావరకు మా ఆవిడే చేసింది. ఆమె తాగదు కాబట్టి ఆ విషయంలో మాకు టెన్షన్ లేదు. దారిలో చూసిన షాపులు, దిగిన గదులు, తిన్న తిండి ఎలా ఉన్నాయో రాస్తున్నాను. అమెరికాలో ఉంటూ ఈ పని మొదలుపెడదామనుకునే తెలుగువాళ్లకి పనికొస్తుందని నా నమ్మకం.

ముందు చట్టం సంగతి. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం నేరం. ఇక్కడ 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది కానీ బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చి ఆ లోటు తీర్చింది. వయోజనులు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరే. మిసిసిపీ, అలబామా 2013లో గానీ ఒప్పుకోలేదు.

బయల్దేరే ముందు మా ఊరి వైపే ఉన్న ఒక షాపుకి వెళ్లాం. పేరు రాయను. విశాలంగా, శుభ్రంగా ఉంది. కౌంటర్ దగ్గర కుర్రాడు ఫోన్ లోంచి తల ఎత్తలేదు. హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే తీగ పూలు) ప్యాకెట్లు గోడకు కొక్కేలకు వేలాడుతున్నాయి. ఏ ఏడాది పంటో వాటి మీద లేదు. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ముందే మరాడించి సంచుల్లో కట్టి పెట్టారు. ఎప్పుడు ఆడించారని అడిగితే "ఈమధ్యే" అన్నాడు. ఫ్రిజ్‌లో ఉన్న, బీరును పులియబెట్టే లిక్విడ్ ఈస్ట్ తీసి మా బావమరిది తిప్పి చూశాడు.

"బావగారూ, దీని తేదీ చూడండి. అయిపోయి రెండు నెలలైంది."

కుర్రాడికి చూపిస్తే "పనిచేస్తుందిలెండి, అందరూ తీసుకెళ్తున్నారు" అన్నాడు. తగ్గింపు ధర కూడా ఇవ్వలేదు. పన్నెండు డాలర్ల దాకా పెట్టి కొనే ఈస్ట్ అది. ప్రాణమున్న సరుకు. నెలలు గడిచేకొద్దీ ప్యాకెట్‌లో బతికున్న కణాలు తగ్గిపోతాయి. అలాంటిది పోస్తే పులియడం ఆలస్యంగా మొదలవుతుంది, ఈలోపు వేరే సూక్ష్మజీవులు చేరి ఐదు గ్యాలన్ల బీరూ పాడవ్వొచ్చు. సీసా మూతలు, పాత్రలు శుభ్రం చేసే మందు మాత్రం కొని బయటికొచ్చేశాం. మంచి షాపేదో గుర్తుపట్టడానికి అక్కడ చూసినవన్నీ పనికొచ్చాయి. పొద్దుటి కల్లు పొద్దుటే తాగాలని మా గోదావరి వైపు అంటారు, మధ్యాహ్నానికి అది వేరే సరుకు. బీరు సామానూ అంతే, తేదీ దాచే షాపులో మిగతావి ఎంత బాగున్నా నేను కొనను.

ఐ-90 మీద స్నోక్వాల్మీ కనుమ దాటి ఎలెన్స్‌బర్గ్ దగ్గర దక్షిణానికి తిరిగితే యాకిమా. రెండున్నర గంటల దారి. కనుమకి ఇటు వాన, అడవి. అటు ఎండిన గడ్డి కొండలు. యాకిమాలో ఏడాదికి కురిసేది సుమారు 200 మిల్లీమీటర్లే, అనంతపురం కంటే బాగా తక్కువ. అయినా నది నీళ్లు కాలవల్లో పారించి, వేసవిలో పొడుగాటి పగటి వెలుతురుతో అమెరికా హాప్స్‌లో సుమారు మూడొంతులు ఈ లోయలోనే పండిస్తారు. పద్దెనిమిది అడుగుల స్తంభాలకు తాళ్లు కట్టి తీగలు ఎక్కిస్తారు. మనవాళ్లు ద్రాక్ష, దొండ పందిళ్లు చూసి ఉంటారు గానీ ఇవి నిటారుగా గోడల్లా ఉంటాయి.

మేం వెళ్లింది కోతల సమయం, అంటే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా. తీగలను మొదలంటా కోసి లారీల్లో వేసుకుపోతుంటారు. రోడ్డు మీద కారు అద్దం దించితే నిమ్మతొక్క, పైన్ జిగురు కలిసిన వాసన. ఆ పూలను సుమారు 60 డిగ్రీల వేడిగాలిలో ఆరబెట్టి, తేమ పదోవంతు దాకా తగ్గించి, 200 పౌండ్ల బేళ్లుగా కడతారు. ఈ పని చూసిన తర్వాత గోడకు వేలాడే ప్యాకెట్ల మీద నా కోపం ఇంకా పెరిగింది. రైతు అంత జాగ్రత్తగా ఆరబెట్టి, గాలి తగలకుండా చల్లగా దాచిన సరుకును షాపువాడు వెచ్చటి గదిలో నెలల తరబడి ఉంచుతాడు. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు తగ్గిపోతాయి, సువాసన పోయి పాత చీజ్ వాసన మిగులుతుంది.

ఈ నెలలో యాకిమాలో గది దొరకడం కష్టం. దేశమంతటి నుంచి బ్రూవరీల వాళ్లు హాప్స్ ఎంచుకోవడానికి వస్తారు. ఫ్రీవే పక్కన ఒక మోటెల్లో దిగాం. మామూలు రోజుల ధరకి దాదాపు రెట్టింపు తీసుకున్నారు. పరుపు బాగానే ఉంది, గోడలు పలచన, తెల్లవారుజామున లారీల చప్పుడు. గదిలో ఫ్రిజ్ ఉందని వెబ్‌సైటులో రాశారు గానీ ఆ ఫ్రిజ్ పనిచేయలేదు. రిసెప్షన్‌లో ఉన్న పెద్దావిడకి చెబితే మా హాప్స్ ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే మంచు కూడా ఇచ్చింది. గదికి నేనైతే సగం మార్కులే వేస్తాను, ఆవిడకి పూర్తి మార్కులు. ఈ యాత్రకి వెళ్లేవాళ్లు గది బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి ఫ్రిజ్ సంగతి అడగండి, మంచి ఐస్ పెట్టె ఒకటి కారులో పెట్టుకోండి.

హాప్స్ మాత్రం ఇక్కడే కొనాలి. మామూలు షాపులో ఔన్సు ప్యాకెట్లు కొంటాం, ఇక్కడ పౌండు ప్యాకెట్లు దొరుకుతాయి, ఔన్సు లెక్కన చూస్తే చాలా తక్కువ. గాలి తీసేసిన వెండిరంగు ప్యాకెట్ మీద పంట ఏడాది, ఆల్ఫా శాతం రెండూ ఉంటాయి. ఆ శాతం లేకపోతే చేదు ఎంతొస్తుందో లెక్కకట్టలేం. కాస్కేడ్ సుమారు 5 నుంచి 7 శాతం ఉంటే సిట్రా 11 నుంచి 13 ఉంటుంది, ఒకదాని బదులు అంతే బరువు ఇంకొకటి వేస్తే బీరు నోట్లో పెట్టుకోలేం.

సాయంత్రం మాక్సీలో బేల్ బ్రేకర్ బ్రూవరీకి వెళ్లాం. 1932 నుంచి హాప్స్ పండిస్తున్న కుటుంబం వాళ్లది, 2013లో తోటలోనే బ్రూవరీ తెరిచారు. బల్లల పక్కనే తీగలు. పచ్చి హాప్స్‌తో, కోసిన రోజే కాచే బీరు ఈ ఒక్క కాలంలోనే దొరుకుతుంది. దాని కోసమైనా సెప్టెంబరులో వెళ్లాలి. తిండికి యూనియన్ గ్యాప్‌లో లోస్ ఎర్నాండెజ్ వాళ్ల మెక్సికన్ టమాలెలు. వసంతంలో ఆస్పరాగస్ పెట్టి చేస్తారట, మాకు చికెన్‌వి దొరికాయి. మొక్కజొన్న పిండి మెత్తగా, కారం పట్టి, ఆకు విప్పగానే ఆవిరి. యాత్ర మొత్తంలో నేను తిన్నవాటిలో ఇవే మేలు.

మర్నాడు టాపెనిష్‌లో అమెరికన్ హాప్ మ్యూజియం చూశాం. చిన్నదే, కానీ చేత్తో కోసే రోజుల బుట్టలు, పాత బేళ్ల యంత్రాలు, తోటల్లో పనిచేసిన యాకమా తెగవాళ్ల ఫొటోలు ఉన్నాయి. ఊరు ఆ తెగకు కేటాయించిన భూభాగం లోపలే ఉంది. గోడల మీద 70కి పైగా పెద్ద బొమ్మలు, మా ఆవిడ వాటి దగ్గర్నుంచి ఒక పట్టాన కదల్లేదు.

అక్కడి నుంచి సేటస్ కనుమ మీదుగా కొలంబియా నది దాటి హుడ్ రివర్. గాలి బాగా వీచే ఊరు. వైయీస్ట్ కంపెనీ ఈ ప్రాంతానిదే, 1986 నుంచి ఇంట్లో కాచేవాళ్ల లిక్విడ్ ఈస్ట్ చేస్తోంది. మేం భోజనం చేసి కాసేపు నది చూసి వెళ్లిపోయాం. మల్ట్‌నోమా జలపాతం దగ్గర పార్కింగ్ దొరక్క ఆగలేదు.

పోర్ట్‌లాండ్‌లో మాకు ముఖ్యమైంది ఎఫ్.హెచ్. స్టైన్‌బార్ట్. 1918లో పెట్టారు, ఈ దేశంలో ఇంకా నడుస్తున్న వాటిలో ఇదే అన్నిటికంటే పాత షాపని చెబుతారు. ఆ తేదీ చూడండి: ఒరెగాన్‌లో మద్యనిషేధం 1916లోనే మొదలైంది. అంటే రాష్ట్రంలో బీరు లేని కాలంలో పెట్టిన షాపు ఇది. అంత వయసున్న చోటు కాబట్టి మ్యూజియంలా ఉంటుందనుకున్నాం గానీ బీరు పంపులు, పైపులు, పీపాలు, గాజు జాడీలు, మాల్ట్ డబ్బాలతో నిండి ఉంది. బ్రూవరీలకు, బార్లకు కూడా సామాను ఇస్తారు. అందుకే ఇంకెక్కడా దొరకని చిన్న వాషర్ కూడా ఇక్కడ దొరికింది.

కౌంటర్ దగ్గరి పెద్దాయన మా చీటీ చూడకముందే ప్రశ్నలు వేశాడు. "ధాన్యం సంచిలో వేసి నానబెడతారా, విడి గిన్నెలోనా?" సంచి అన్నాం. అయితే కాస్త మెత్తగా ఆడిస్తానన్నాడు. విడి గిన్నె అయితే పిండి ఎక్కువై అడుగున జల్లెడ పూడుకుపోతుంది, సంచికి ఆ భయం లేదు, చక్కెర ఎక్కువ దిగుతుంది. తర్వాత "మీ నీళ్లు ఎక్కడివి?" అన్నాడు. సియాటిల్ వైపు అని చెప్పాం. అక్కడివీ, పోర్ట్‌లాండ్ బుల్ రన్ నీళ్లూ బాగా మృదువైనవి, కాల్షియం తక్కువ. హాప్స్ చేదు స్పష్టంగా తెలియాలంటే చెంచాడు జిప్సం వేయమన్నాడు. మూడో ప్రశ్న, పులిసేటప్పుడు గది వేడి ఎంత ఉంటుందని. మా గరాజ్ సెప్టెంబరులో వెచ్చగా ఉంటుందంటే, నేను రాసుకొచ్చిన ఈస్ట్ వద్దని కాస్త వేడి తట్టుకునే రకం ఇచ్చాడు. తను ఇచ్చింది ధర తక్కువ కూడా.

మా బావమరిది నా చెవిలో "ఈయన మన డబ్బు మిగులుస్తున్నాడు బావగారూ" అన్నాడు. పదకొండు పౌండ్ల మాల్ట్ మా ఎదుటే ఆడించారు. ఈస్ట్ ఫ్రిజ్‌లో, తేదీ కొత్తగా ఉంది. ఒరెగాన్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు కాబట్టి బోర్డు మీద ఉన్న ధరే బిల్లులో ఉంటుంది. ఒక ఇబ్బంది ఉంది. ఈ షాపు కొత్తవాళ్లకు అయోమయంగా ఉంటుంది, ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి. శనివారం కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్తే మాట్లాడే తీరిక వాళ్లకీ ఉంటుంది.

బస నది తూర్పు వైపు ఒక చిన్న హోటల్లో. గది ఇరుకు, మంచం బాగుంది, ఫ్రిజ్ పనిచేసింది. షాపు వైపు ఉండటం సౌకర్యం, డౌన్‌టౌన్ పార్కింగ్ ఖర్చు తప్పింది. ఇడ్లీ సాంబారు కావాలంటే మాత్రం బీవర్టన్, హిల్స్‌బరో వైపు వెళ్లాలి, మనవాళ్లంతా అటే.

ఆన్‌లైన్‌లో ఇవన్నీ చవగ్గా దొరకవా అని అడుగుతారు. పాత్రలు, గొట్టాలు, సీసాలు నేనూ అలాగే కొంటాను. ఈస్ట్ మాత్రం వేసవిలో తెప్పించుకోవద్దు. ఒక కంపెనీ నుంచి జులైలో తెప్పిస్తే ఐస్ ప్యాక్ కరిగి వేడెక్కి వచ్చింది. డబ్బు వెనక్కిచ్చారు, కానీ ఆ వారం కాయడం కుదరలేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఆన్‌లైన్ ధాటికి ఊళ్లలో షాపులు చాలా మూతపడ్డాయి. 2016లో పెద్ద సరఫరాదారు నార్తర్న్ బ్రూవర్‌ను పెద్ద బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్‌ విభాగం ఒకటి కొన్నప్పుడు చిన్నగా కాచేవాళ్లు మండిపడ్డారు, కొన్నేళ్లకు దాన్ని మళ్లీ అమ్మేశారు. ఈ షాపుల కౌంటర్లకు చరిత్ర ఉంది. కెన్ గ్రాస్‌మన్ 1976లో కాలిఫోర్నియాలోని చీకోలో ఇలాంటి షాపే పెట్టి, 1980లో సియెరా నెవాడా బ్రూవరీ మొదలుపెట్టాడు. కాస్కేడ్ హాప్స్ రుచి దేశమంతా తెలిసింది ఆ బీరుతోనే. ఐదు డాలర్లు ఎక్కువైనా నేను ధాన్యం, ఈస్ట్, హాప్స్ మనిషి చేతి మీదుగానే కొంటాను.

మీరు ఏ ఊళ్లో ఉన్నా షాపులోకి వెళ్లగానే మొదట ఫ్రిజ్ దగ్గరికి నడవండి. హాప్స్ అందులో ఉన్నాయా, పంట ఏడాది రాసి ఉందా, ఈస్ట్ తేదీ ఎప్పటిది చూడండి. మాల్ట్ మీరు అడిగాక ఆడిస్తారో, ముందే ఆడించి ఉంచారో కనుక్కోండి. బీరులో గ్యాస్ ఎక్కించే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ నింపుతారా, మార్చి ఇస్తారా అన్నదీ అడగండి. మీ సిలిండర్ కొత్తదైతే మార్చే చోట పాతది చేతికొస్తుంది. అన్నిటికంటే ముందు కౌంటర్ వెనకున్న మనిషి మీరేం కాస్తున్నారో అడుగుతాడేమో గమనించండి. అడగకపోతే మీరే చెప్పండి, అప్పుడైనా ఆసక్తి చూపితే ఇంకోసారి వెళ్లొచ్చు.

ఇదే దారి పట్టాలనుకుంటే యాకిమా గది వేసవి మొదట్లోనే బుక్ చేసుకోండి. మ్యూజియం చలికాలంలో మూసి ఉంటుంది, ముందు చూసుకుని వెళ్లండి. హాప్స్ యాకిమాలో, ధాన్యం, ఈస్ట్ పోర్ట్‌లాండ్‌లో కొని ఐదో నంబరు ఫ్రీవే మీద ఇంటికొస్తే, మరాడించిన మాల్ట్ ఆ వారాంతంలోనే కాచేయొచ్చు. మేం ఆదివారం కాచాం, ఈస్ట్ మర్నాటి పొద్దుటికే పొంగడం మొదలైంది.